పాతవి తీసిపెట్టండి

మా స్కానింగ్ సెంటర్‌కు మూడు ఊళ్లలో గదులున్నాయి. పెద్దది సూర్యాపేటలో, చిన్నవి కోదాడలో, మిర్యాలగూడలో. మూడు చోట్లా తీసిన స్కాన్ బొమ్మలన్నీ సూర్యాపేటలోని ఒకే సర్వర్‌లోకి వచ్చి చేరతాయి. ఎవరికి ఏ బొమ్మ కావాలన్నా అందులోంచే చూడాలి. మావాళ్లు దాన్ని ‘డబ్బా’ అంటారు. ఆ డబ్బాను చూసుకునేది నేను. నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. రేడియోలు బాగుచేశాను, తర్వాత టీవీలు బాగుచేశాను. అవి రావడం మానేశాక పాత పుస్తకాల బండి మీద కంప్యూటర్ పుస్తకాలు కొనుక్కుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివాను. అలా నేర్చుకున్నది ఒక్కటీ మరిచిపోలేదు. ఎవరెవరు ఆ డబ్బాను ఏమేం చేశారో అదీ మరిచిపోలేదు.

రోగుల బొమ్మలకని ఉంచిన జాగాలో మేనల్లుడి పెళ్లి వీడియో పెట్టిందెవరో నాకు తెలుసు. బతుకమ్మ డీజే పాటలు పెట్టిందెవరో తెలుసు. దసరాకు ఆయుధపూజ అని డబ్బా నెత్తిన పసుపు, కుంకుమ పూసి, గాలిపోయే బెజ్జాల మీద నిమ్మకాయ కోసి పెట్టారు. ఇదేంటని అరిస్తే, “దేవుని పని కాకా, గట్ల అనొద్దు. కండ్లు పోతయ్” అన్నారు. కుంకుమ లోపలి ఫ్యానుకు పట్టి అది గిర్రుమని మూలుగుతుంటే విప్పి తుడిచింది నేను. దేవుడు రాలేదు.

వీటన్నిటికీ మూలం ఒకటే. ఎవరు ఏది చూడొచ్చో, ఎవరు ఏది చెరపొచ్చో మొదట్లోనే కట్టుదిట్టం చేశాను. చూడటం అందరికీ, చెరపడం నాకొక్కడికే. యజమానికి అది నచ్చలేదు. “ఏందయ్యా, పరాయోళ్లు ఎవలున్నరు గీడ? అందరు మనోళ్లే గదా. తాళాలు తీసెయ్” అన్నాడు. మనోళ్లు! పరాయివాడైతే భయపడి అడిగి ముట్టుకుంటాడు. అడగకుండా ముట్టుకునేది మనోళ్లే. చెప్పి చూశాను. జీతమిచ్చే మనిషి, వినలేదు. తాళాలు తీసేశాను.

ఆ తర్వాత కొంతకాలానికి పాలకీడు నుంచి ఒకామె వచ్చింది. కూలికి పోయే మనిషి. వదలని దగ్గు. సూర్యాపేటలో ఛాతీ స్కాన్ తీశారు. డాక్టరు నన్ను తన గదిలోకి పిలిచి తెర మీద చిన్న మచ్చ చూపించాడు.

“ఈమెకు రెండేళ్ల కింద మిర్యాలగూడల మన దగ్గరే తీసిన్రట. గా బొమ్మల గూడ ఈ మచ్చ ఇంతే ఉంటే, ఎప్పుడో మానిన పాత గాయం. భయం లేదు. లేకపోతే హైదరాబాద్ పంపి, సూది పెట్టి ముక్క తీయాలె. పాతది జర సూపియ్యి పెద్దాయనా.”

ఆమె తలుపు దగ్గరే నిలబడి వింటోంది. “అమ్మా, పాత ఫిల్ము ఇంట్లో లేదా?” అని అడిగాను.

“ఉన్నది అయ్యా. కిటికి అద్దం పలిగితే అడ్డం పెట్టినం. ఎండకు, వానకు అంత తెల్లగైంది. అండ్ల ఏం కనపడ్తలేదు” అంది. ఆగి, “సూది పెడితే గాలి పోతదంటరు, నిజమేనా అయ్యా? మా పక్కింటాయన గట్లనే పోయి మల్ల రాలే” అంది.

నేను డాక్టరును కాను. “ఉండమ్మా, మన డబ్బాలో ఉంటది” అన్నాను.

లేదు. ‘మిర్యాలగూడ పాతవి’ అని నా చేత్తో పేరు పెట్టిన ఫోల్డరే లేదు. ఒక్క బొమ్మ కాదు, మొత్తం గల్లంతు. ఎవరేం చేశారో డబ్బా తనలో రాసుకుంటుంది గనక తీసి చూశాను. కోదాడ కంప్యూటర్ నుంచి చెరిపారు, వారం కిందట. అక్కడ రిసెప్షన్‌లో ఉండే అమ్మాయికి ఫోన్ చేశాను.

“అవును బాబాయ్ గారూ, నేనే తీసేశానండీ. సార్ వాయిస్ మెసేజ్ పెట్టారు కదా!”

“ఏమని పెట్టిండు?”

“డబ్బా నిండింది, మిర్యాలగూడ పాతయి తీసిపెట్టండి అని. పాపం అంతలా అడిగారని ఆ రోజే తీసిపెట్టేశానండీ. శుభ్రంగా ఉంది కదండీ ఇప్పుడు?”

యజమాని ఉద్దేశం వేరే డిస్కులోకి తీసి దాచమని. కూర తీసిపెట్టు అంటే దాచి ఉంచమని. ముల్లు తీసిపెట్టు అంటే పీకి పారేయమని. కూరకూ ముల్లుకూ తేడా తెలియాలంటే మనిషి ఎదురుగా ఉండాలి. ఆయనలా మోటారు సైకిల్ మీద పోతూ, గాలి హోరులో ఫోన్‌కు మూతి ఆనించి మాట్లాడితే రోగుల బొమ్మలన్నీ ముళ్లయిపోతాయి. ఆ పిల్లను ఏమనాలి? తెలుగు దానికి బాగానే అర్థమైంది.

“చెత్తబుట్టలో ఉంటాయి కదండీ?” అని అడిగిందామె. నీ కంప్యూటర్‌లో చెరిపితే నీ చెత్తబుట్టలో పడుతుంది గానీ, సర్వర్‌లోది అక్కడి నుంచి చెరిపితే అటే పోతుంది తల్లీ. ఈ సంగతి మూడు బ్రాంచీల్లోనూ గోడకు అంటించాను. కోదాడలో దాని మీద క్యాలెండర్ వేలాడుతోంది. ఖాళీ అయిన జాగాలోకి వారం రోజుల కొత్త స్కాన్లు వచ్చి కూర్చున్నాయి. వెతికి పైకి తెచ్చే దారీ లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. సూర్యాపేటలో ఏ నిప్పో నీళ్లో తగిలితే ఎట్లా అని, మిర్యాలగూడలో ఒక చిన్న డిస్కు పెట్టించి ఉన్నాను. డబ్బాలో ఏముంటే రోజూ అది తనలోకి నకలు తీసుకోవాలి. కానీ దసరా తర్వాత నకలు వెళ్లడం ఆగిపోయింది. అడిగినప్పుడల్లా, “నెట్ వస్తలేదు కాకా, డిస్కు ఉన్నకాడ్నే ఉన్నది” అని జవాబు. ఇక ఫోన్‌తో పని కాదని బస్సెక్కాను. దారి పొడవునా ఆ పాలకీడు మనిషి మొహమే. పోయి మల్లా రాని పక్కింటాయన.

మిర్యాలగూడలో స్కాన్ తీసే టెక్నీషియన్ నన్ను చూడగానే చాయ్ చెప్పబోయాడు. నేను చాయ్ మాట ఎత్తకుండా ప్లగ్గు దగ్గరికి వెళ్లాను. ‘దీన్ని పీకవద్దు’ అని నేను రాసి అంటించిన కాగితం అట్లాగే ఉంది. ప్లగ్గులో మాత్రం చేపల తొట్టి మోటారు ఉంది.

“డిస్కు ఏది?”

“తొట్టి పెట్టినం గదా కాకా. మోటర్ బందైతే చేపలు సచ్చిపోతయ్.”

“చేపల సంగతి అడగలే. డిస్కు ఏది?”

“ప్రింటర్ ఊగుతుంటే...” అని కిందికి చూశాడు. ప్రింటర్ ఒక కాలి కింద నా డిస్కు, చెక్కముక్కలాగా.

తీసి దుమ్ము తుడిచాను. కంప్యూటర్‌కు పెట్టబోతూ చేయి ఆపేశాను. దసరాకు ముందు వరకూ ఇందులో నకలు ఉండాలి. కానీ ఇది డబ్బాతో కలిసిందంటే, డబ్బాలో లేనిదాన్ని తనలోనూ చెరిపేస్తుంది. జాగా తక్కువని అట్లా కుదిర్చి పెట్టాను. ముందు నెట్ తీగ పీకి, తర్వాత డిస్కు పెట్టాను. అది టిక్కుమంది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఫోల్డర్ కనిపించింది. పాలకీడు ఆమె పేరు, లోపల ఛాతీ బొమ్మలు, అన్నీ ఉన్నాయి.

వెనక నిలబడి చూస్తున్న టెక్నీషియన్‌కు విషయం మెల్లగా అర్థమైంది. “అంటే, దీన్ని పెట్టే ఉంచితే ఇందులకెల్లి గూడ పోవునా? సూసినవా కాకా, మేం పీకినందుకే బతికింది! ఉత్తగ మమ్ముల తిడ్తవ్.”

నా జీవితంలో ఇంత మండిన రోజు లేదు. “నీ చేపలకు దండం” అన్నాను.

ఆ ఒక్క బొమ్మనూ విడిగా తీసి సూర్యాపేటకు పంపాను. కాసేపటికి డాక్టరు ఫోన్. “గదే మచ్చ పెద్దాయనా. గంతే ఉన్నది. మానిన పాత గాయమే. మందులిస్తున్న, హైదరాబాద్ అక్కర లేదు.”

డిస్కు సంచిలో వేసుకుని నేను తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా బయట బెంచీ మీదే ఉంది. నాకు చెప్పకుండా పోబుద్ధి కాలేదట. చేతిలో కొత్త ఫిల్ము కవరు. “ఇది కిటికీకి పెట్టకు” అన్నాను.

నవ్వింది. కవరు నా ముందుకు చాపింది. “ఇంట్ల ఉంటే ఏడికో పోతది. నీ తాన్నే తీసిపెట్టయ్యా, మల్ల ఎప్పుడన్న అక్కరొస్తది.”

కవరు ఆమె చేతిలోనే పెట్టి, బొమ్మ నా దగ్గర ఉంటుందని మాటిచ్చి బస్సుకు పంపాను. లోపలికి వెళ్లి పాత ఫోల్డర్ మొత్తం డబ్బాలోకి ఎక్కించాను. ఎక్కడం అయ్యాక, చెరిపే అధికారం అందరికీ తీసేశాను. కోదాడకు, మిర్యాలగూడకు, డాక్టరుకు, యజమానికి కూడా.

మర్నాడు పొద్దున్నే యజమాని ఫోన్. “ఏందయ్యా, పెండ్లి వీడియో తీసేద్దామంటే పోతలేదు! నాకు గూడ తాళమేసినవా? ఎవల్నడిగి ఏసినవ్?”

“పాలకీడు ఆమె తీసిపెట్టమన్నది” అని ఫోన్ పెట్టేశాను.