ఒకటి పోసింది, ఒకటి తోడింది

ఆ మ్యూజియంలో అందరూ ఆమెను ఏసీ అక్క అనే పిలుస్తారు. పాత పట్టువస్త్రాలు దాచిన గది ఆమె చేతి కింద ఉంది. అక్కడి గాలిలో తేమ పెరిగితే బూజు పడుతుంది, తగ్గితే పోగులు చిట్లిపోతాయి. అందుకని తేమ లాగే యంత్రం ఒకటి, తేమ వదిలే యంత్రం ఒకటి పెట్టారు. రెండింటినీ ఆమె పసిపిల్లల్ని సాకినట్టు సాకింది. గోడ మీది తేమ కొలిచే మీటరు ముల్లు ఏళ్ల తరబడి కదల్లేదు. అదే ఆమె గొప్ప. ఇంట్లో మాత్రం ఖాళీ గదిలో ఫ్యాన్ తిరిగిందంటే మొగుణ్ణి కడిగిపారేసేది.

పెద్ద భవనాలన్నీ కరెంటు వాడకం తగ్గించాలని కొత్త నిబంధన వచ్చింది. మ్యూజియాలకూ మినహాయింపు లేదన్నారు. తనిఖీకి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. ఏసీ అక్కకు ఒళ్లు మండింది.

"ఇది ఆఫీసు గది కాదమ్మా, మధ్యాహ్నం కట్టేసి సాయంత్రం వేసుకోడానికి. ఆ బట్టలు పాడైతే మళ్లీ రావు."

"ఆపమనడం లేదక్కా. ఏది ఎప్పుడు నడుస్తుందో చెప్పండి చాలు."

"రెండూ ఎప్పుడూ నడుస్తాయి. నా చేతిలో ఏదీ మొరాయించలేదు."

ఇంజనీరమ్మ రెండు యంత్రాల చుట్టూ తిరిగి చూసింది. తేమ వదిలే యంత్రానికి కబురందించే సెన్సర్ దగ్గరికెళ్లి, ఆ గోడకు అరచెయ్యి ఆనించింది. తర్వాత ఏసీ అక్క చేతిని కూడా అక్కడ పెట్టించింది. గోడ వెచ్చగా ఉంది. లోపల వేడినీళ్ల పైపు పోతోంది.

"ఈ వేడికి సెన్సర్ చుట్టూ గాలి పొడిబారుతుంది. గదంతా అలాగే ఉందనుకుని ఈ యంత్రం ఆవిరి వదుల్తుంది. అవతలి సెన్సర్ సరిగ్గానే ఉంది. తేమ పెరిగిందని అది లాగేస్తుంది."

ఏసీ అక్క గోడ మీంచి చెయ్యి లాక్కుంది. "అంటే ఒకటి పోస్తుంటే ఒకటి తోడుతోందా?"

"పగలూ రాత్రీ. మీరు రెండింటినీ అంత బాగా చూసుకున్నారు కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు."

మెచ్చుకోడానికే అందామె. ఏసీ అక్క మాత్రం అక్కడే చతికిలబడింది.

సెన్సర్‌ని పక్కగోడకు మార్చారు. తేమ వదిలే యంత్రం ఆగిపోయింది. ఆ వెంటనే రెండోదీ నెమ్మదించింది. అలవాటైన హోరు లేక ఆ గది ఆమెకు పరాయిదానిలా తోచింది. సాయంత్రం దాకా ముల్లు వైపే చూస్తూ కూర్చుంది. అది ఇసుమంతైనా కదల్లేదు. కదిలినా బాగుండేదనిపించింది.

ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది. "ఫ్యాన్ కోసం నన్ను తిట్టిన తిట్లు వాపసు తీసుకోవే," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"సగం చాకిరీ మిగతా సగాన్ని చెరపడానికేనయ్యా," అందామె. "రోజూ ఒళ్లు హూనం చేసుకుంది ఇందుకా?"

అతను మంచినీళ్లు అందించి, పక్కన కూర్చున్నాడు.

మర్నాడు ఆమె ఎవరూ చెప్పకుండానే చిత్రపటాల గదిలోకి వెళ్లింది. ఒక్కో సెన్సర్ పక్కనా గోడను తడుముతూ వచ్చింది. అన్నీ చల్లగానే ఉన్నాయి. చిట్టచివరి దాని దగ్గర చెయ్యి టక్కున ఆగింది. మళ్లీ ఆనించి చూసింది.

"ఇంజనీరమ్మను పిలవండి," అంది, గోడ మీంచి చెయ్యి తియ్యకుండానే.