మూడు చుక్కల నెత్తురు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఆమె అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. నర్సులందరికీ ఆమె "దోమ". రావడం, కుట్టడం, నెత్తురు పట్టుకుని ల్యాబుకి పోవడం. ఎనిమిదేళ్లుగా అదే పని. "మా దోమ కుట్టినా దద్దురు తేలదు" అని పెద్ద నర్సు కొత్తవాళ్లకి పరిచయం చేస్తుంటే తనూ నవ్వేది. ఇంట్లో రెండేళ్ల కూతురు మాత్రం అమ్మ ఆస్పత్రి కోటుతో కనిపిస్తే చాలు, పాదాలు రెండూ దుప్పట్లో దాచేసుకునేది.

ఆ రోజు పదిగంటలకి మూడో గాజుపెట్టె దగ్గరికి వచ్చింది. అందులో బాబు పుట్టి తొమ్మిది రోజులు. కిలోన్నర బరువు. నెత్తురులో ఇన్ఫెక్షన్. దానికి ఇస్తున్న యాంటీబయాటిక్ గట్టిదే కానీ పేచీకోరుది. చాలకపోతే క్రిములు చావవు, ఒంట్లో పేరుకుంటే మూత్రపిండాలకీ చెవులకీ ఎసరు. అందుకే పదకొండు గంటల డోసుకి ముందు, నిన్నటి మందు ఎంత మిగిలిందో కొలవాలి. రెండుకి లోపుంటే కొత్త డోసు ఇవ్వచ్చు.

పెట్టె పక్కనే బాబు తండ్రి. బడిలో సైన్సు మాస్టారు. తీసిన ప్రతి చుక్కా చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు.

"మళ్ళీనా? ఇప్పటికే తొమ్మిది మిల్లీలీటర్లు లాగేశారు. వీడి ఒంట్లో ఉన్నదంతా పోగేస్తే ఒక టీ గ్లాసుడండీ!"

"మూడు చుక్కలే మాస్టారూ. నేను దోమనే, జలగని కాదు."

ఆయన నవ్వలేదు. ఆమె గ్లవుజులు తొడుక్కుని, బాబు మడమ తుడిచి, అరచేతిలో వెచ్చబెడుతోంది. పక్క పెట్టెలో పాపకీ అదే మందు. పెద్ద నర్సు సిరంజిలోకి ఎక్కిస్తుండగా గది చివర ఎవరి అలారమో మోగింది.

"ఇది పట్టుకోవే ఒక్క నిమిషం!" అని సిరంజి ఆమె చేతిలో కుక్కి పరిగెత్తింది. ఆ వార్డులో అంతే. ఎవరి చేతులు ఖాళీగా ఉంటే వాళ్లకి అందించేస్తారు, ఎవరూ కాదనరు. ఆమె పట్టుకుంది, ట్రేలో పెట్టింది, మళ్ళీ మడమ పట్టుకుంది. చిటుక్కున గుచ్చింది. బాబు మూతి వంకర తిప్పాడు గానీ ఏడవలేదు. మూడు చుక్కలు సన్నటి గొట్టంలోకి ఎక్కాయి.

పదిన్నరకి మిషను చెప్పిన అంకె ఏడు.

డాక్టరమ్మ ఫోనులో ఒక్క మాటే అంది. "డోసు ఆపేయండి. రేపు చూద్దాం."

రిపోర్టు కాగితం ఇవ్వడానికి ఆమె వార్డుకి వెళ్లేసరికి మాస్టారికి విషయం తెలిసిపోయింది. పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి బాబు చెవి దగ్గర చిటికెలు వేస్తున్నాడు. ఒకటి, రెండు. బాబు నిద్రలో ఉన్నాడు. ఇంకోటి.

ల్యాబుకి తిరిగొచ్చి కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. బాబు మూత్రం బాగా పోస్తున్నాడు, మూత్రపిండాల పరీక్ష నిన్ననే బాగుంది. మరి మందు పోకుండా ఎక్కడ కూర్చుంది? తన బొటనవేలు చూసుకుంది. సిరంజి పట్టుకున్నప్పుడు గ్లవుజు మీద చల్లగా ఏదో తగిలింది. మూత వదులుగా ఉందనుకుంది, అంతే, పట్టించుకోలేదు. అదే వేలితో మడమ నొక్కింది.

సూదిమొన మీద నిలిచేంత మందు తడి. పెద్దవాళ్ల దగ్గర తీసిన సిరంజెడు నెత్తురులో అయితే ఏ మూలకో పోయేది. మూడు చుక్కల్లో పడితే దానిదే రాజ్యం.

ఊరుకుంటే ఎవరికీ తెలీదు. రేపు ఎలాగూ మళ్ళీ తీస్తారు. కానీ ఈలోపు ఒక రోజంతా ఆ క్రిములకి అడ్డు ఉండదు. కాళ్లే ముందు లేచాయి.

డాక్టరమ్మ విని కళ్లజోడు తీసింది. "కచ్చితంగా తెలుసా?"

"తెలీదు మేడమ్. అందుకే ఇంకో మూడు చుక్కలు కావాలి."

"ఆ తండ్రికి నువ్వే చెప్పు. నన్ను మధ్యలోకి లాగకు."

చెప్పింది, ఏదీ దాచకుండా. మాస్టారి మొహం ఎర్రబడింది.

"అంటే మీ చెయ్యి శుభ్రంగా లేనందుకు మావాడు మళ్ళీ పొడిపించుకోవాలా? మీ పిల్లలకైతే ఇలాగే చేస్తారా?"

పెద్ద నర్సు మధ్యలో దూరింది. "తప్పు నాది బాబూ, సిరంజి ఇచ్చింది నేను."

"నువ్వుండక్కా. పట్టుకుంది నేను," అంది ఆమె. "మాస్టారూ, నన్ను తిట్టండి, ఎంతసేపైనా నిలబడతాను. కానీ ఆ ఏడుని నమ్మకండి. అది మీవాడి నెత్తురులోది కాదని నా అనుమానం."

ఆయన నోటుపుస్తకం వైపు చూశాడు, బాబు వైపు చూశాడు. "వేరే కాలు," అన్నాడు చివరికి. "నా ఎదురుగా చేతులు కడుక్కోండి."

సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. మడమ కూడా నీళ్లతో కడిగి ఆరబెట్టింది. కొత్త గ్లవుజులు. మొదటి చుక్క తుడిచేసింది. ఈసారి బాబు గుక్కపట్టి ఏడ్చాడు. మాస్టారు మొహం తిప్పుకున్నాడు.

మిషను ముందు నిలబడే ఉంది. అంకె వచ్చింది. సున్నా పాయింటు తొమ్మిది.

పన్నెండుంబావుకి డోసు వెళ్లింది. మాస్టారు ఆమెకి థాంక్స్ చెప్పలేదు, ఆమె కోసం చూడనూ లేదు. మందు ఎక్కుతున్నంతసేపూ ఆ సన్నటి గొట్టం మీదే ఉన్నాయి ఆయన కళ్లు. బాబు నోరు చప్పరిస్తున్నాడు.

డ్యూటీ రెండింటికే అయిపోయింది. ఆమె ఇంటికి బయల్దేరలేదు. బీరువాలోంచి పాత రిజిస్టర్లు దించి, రెండు దాటిన అంకెలు వెతుకుతోంది. డోసు ఆపేసిన పిల్లలు. వాటిలో తన చేతిరాతవి ఎన్ని? ఆ రోజుల్లో ఎవరి సిరంజి పట్టుకుంది? గుర్తులేదు. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. ఆరు పాయింటు నాలుగు. కింద తన సంతకం.

ఆ తేదీ, ఆ అంకె ఒక కాగితం మీద రాసుకుని పేజీ తిప్పింది.