సిరిసిల్ల పిలగాడు పడ్డ మాట నిజం

నా చిన్నప్పుడు జగిత్యాల ఖిల్లా పక్క మైదానంలో ఒక పిల్లవాడు నా దెబ్బకు స్పృహ తప్పి పడిపోయాడు. ఈ సంగతి గురించి నేను అతనికే మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోది అతని శిక్షణ కేంద్రానికి చేత్తో పట్టుకెళ్లి ఇస్తే, గేటు దగ్గర కూర్చున్నాయన దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు. మూడోది రిజిస్టర్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం వచ్చింది, మాట మాత్రం రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మాది కోరుట్ల. మా మేనమామ కొడిమ్యాల దగ్గర కల్లు గీసేవాడు. బాక్సింగ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. మేనల్లుడు ఆడుతున్నాడని ఆ రోజు పని మానుకుని జగిత్యాల వచ్చాడు. బరి అంటే ఏముంది, చెక్కపలకలు పరిచి, పైన టార్పాలిన్ కప్పి, చుట్టూ తాడు కట్టారు.

సెమీఫైనల్లో నాకు ఎదురుగా నిలబడ్డవాడు సిరిసిల్ల పిలగాడు, మరమగ్గం నడిపే ఆయన కొడుకు. మొదటి రౌండులోనే నా ముక్కు పగలగొట్టాడు. నెత్తురు గొంతులోకి దిగుతుంటే మింగుతూ కొట్టాను. వాడి కనుబొమ్మ చీలింది. చీలిన చోటే మళ్లీ కొట్టాను, చూసి మరీ కొట్టాను. జనం "సంపు, సంపు" అని అరుస్తున్నారు. ఎవరిని అన్నారో గానీ, నాకే చెప్పారనుకున్నాను. రెండో రౌండులో వాడి ఎడమ చెయ్యి కాస్త కిందికి దిగింది. నా కుడి పిడికిలి వాడి గడ్డం కింద, గదవ మీద పడింది. వాడు నిలువునా వెనక్కి పడ్డాడు, తల పలకకు కొట్టుకుంది. కనుగుడ్లు తేలిపోయాయి. ఒక కాలు తన్నుకుంటోంది. నాలుక కొరుక్కున్నాడేమో, నోటి నిండా నెత్తురు. రిఫరీ పది లెక్కపెట్టి నా చెయ్యి పైకెత్తాడు. నేను గంతులేశాను.

ఎవరో బకెట్టు నీళ్లు వాడి మొహాన కుమ్మరించారు. ఇద్దరు రెక్కలు పట్టి నిలబెట్టబోయారు. అప్పుడు మా మేనమామ తాడు దాటి వచ్చి ఆ ఇద్దరినీ అవతలికి నెట్టేశాడు. పిల్లవాణ్ణి పక్కకు ఒత్తిగిలించి నోట్లో నెత్తురు బయటికి కారనిచ్చాడు. తరువాత నా చెవి పట్టి గుంజి కింద కూర్చోబెట్టి, వాడి తల నా తొడ మీద పెట్టాడు.

"గంతులు సాలు. కదలకుంట పట్టుకో."

"మామా, ఇంక ఫైనల్ ఉన్నదే!"

"ఒకడు పడ్డంక ఇంకోడు ఎక్కుతడారా?"

కల్లు గీసేవాళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. చెట్టు మీద నుంచి ఎవరైనా పడితే, ఆ తాటివనంలో ఎక్కినవాళ్లందరూ దిగిపోవాలి. కల్లు పొంగిపోయినా ఆ రోజు ఇక ఎవరూ ఎక్కరు. పడ్డవాడు తన మనిషిని గుర్తుపట్టేదాకా పక్కనే ఉంటారు. మా మామకు ఆ బరి కూడా చెట్టే.

పోటీలు పెట్టిన పెద్దమనిషి నవ్వాడు. "ఏం గౌడన్నా, గిది తాటిచెట్టనుకున్నవా?"

"చెట్టే నయ్యం సారూ. పడ్డోన్ని మళ్ల కొట్టది" అన్నాడు మామ.

సర్కారు దవాఖానలో సాయంత్రం దాకా కూర్చున్నాం. నా ముక్కు వాచి కళ్లు మూసుకుపోయాయి. అయినా మామ నన్ను కదలనివ్వలేదు. "నీ పేరేంది? ఎవలింటోనివిరా?" అని వాణ్ణి అడుగుతూనే ఉన్నాడు. తలకంటిన దూది కూడా దులుపుకోకుండా సిరిసిల్ల నుంచి వాళ్ల నాన్న ఉరికొచ్చాక గానీ వాడు నోరు విప్పలేదు. "బాపూ" అన్నాడు. మా మామ లేచి బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

మైదానానికి తిరిగి వచ్చేసరికి డేరాలు విప్పుతున్నారు. ఫైనల్‌కు నా పేరు పిలిచారట, నేను లేను. అంతటితో పోనిచ్చినా బాగుండేది. కోరుట్ల పిల్లవాడు బరి విడిచి వెళ్లాడని, సెమీఫైనల్ గెలుపు సిరిసిల్ల పిల్లవాడిదేనని పుస్తకంలో రాసేశారు. దవాఖానలో పడుకున్నవాడికి రెండో బహుమతి కప్పు పంపారు. ఆ కోపంతో నేను ఏడాది పాటు మామ గడప తొక్కలేదు. ఆయన చేసిన పని నాకు అప్పుడు నష్టంలాగే కనిపించింది.

ఆ పిలగాడు పెద్ద బాక్సర్ అయ్యాడు. పతకాలు తెచ్చాడు, కాదనను. ఒకసారి సిరిసిల్ల బస్టాండులో కనబడి, తల వెనక తడుముకుని "అన్నా, నీది చెయ్యి కాదు, సుత్తె" అని నవ్వాడు. అంటే గుర్తుంది. ఇప్పుడు జగిత్యాలలో శిక్షణ కేంద్రం నడుపుతున్నాడు. గేటు మీద బోర్డు: "ఒక్కసారి కూడా నేలకొరగని వీరుడు".

నా కోపం కప్పు గురించి అనుకునేవాళ్లు అనుకోనీ. చాలా ఏళ్లు దాని గురించే. కానీ నా మనవరాలు అక్కడే నేర్చుకుంటోంది. మొన్న వానాకాలంలో ఇంటికి వచ్చి రెండుసార్లు కక్కుకుంది, నడుస్తూ గోడ పట్టుకుంది. గట్టిగా అడిగితే, బరిలో పడి కాసేపు సోయి తప్పిందని చెప్పింది. రెండు రోజుల్లో మళ్లీ పోటీ ఉందట.

"ఎవ్వలకు చెప్పకు తాతా. మా దగ్గర పడ్డమంటె ఇజ్జత్ పోతది. మా సారు ఎన్నడు పడలే."

దాని తల తొడ మీద పెట్టుకుని, పేరు అడుగుతూ, తెల్లవార్లూ కూర్చున్నాను. పోటీకి పంపలేదు. డాక్టరు మంచి పని చేశారన్నాడు. అది మాత్రం నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. నేను మా మామతో మాట్లాడలేదు కదా, దాన్ని ఏమనను?

మామ చెప్పిన మాటల్లో చాలా మరిచిపోయాను. పడ్డవాణ్ణి వదిలి పైకి ఎక్కకూడదన్నది మాత్రం ఒంట్లో ఉండిపోయింది. అందుకే ఈ నాలుగో ఉత్తరం నీకే, సిరిసిల్ల పిలగాడా. గెలుపు నువ్వే ఉంచుకో. నీ దగ్గర నేర్చుకునే పిల్లలందరినీ కూర్చోబెట్టి "నేను పడ్డాను, సోయి తప్పింది, మా బాపు వచ్చేదాకా నా పేరు నాకే తెల్వదు" అని చెబుతావా, చెప్పవా? అవునో కాదో, ఈసారి నీ చేత్తో రాసి పంపు.