సున్నం మీదికి నెట్టిన మాట

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దింపే చోటు దొరక్క మీ ముందు పెడుతున్నాను. మీరు మోయాలని కాదు. చూస్తే చాలు.

మాది నంద్యాలలో పూజసామాన్ల అంగడి. బేరం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. దేవుడి దగ్గరైనా మొక్కు తగ్గించమని అడిగే రకాన్ని. రాతి విగ్రహాల కోసం ఆళ్లగడ్డ పోయేవాణ్ణి. అక్కడి శిల్పి మద్దిలేటితో నాకో పద్ధతి ఉండేది: ముందు సీసా తీయడం, తర్వాతే ధర ఎత్తడం. రెండో గ్లాసుకు ఆయన మెత్తబడేవాడు. దాన్ని స్నేహం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా?

తొంభైల చివర్లో ఆయనకు వీపులోకి పొడిచే కడుపునొప్పి వచ్చింది. నంద్యాలలో ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. క్లోమం వాచిందని చెప్పి, కుర్ర డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. క్లోమం కణాల్లో కాల్షియం ఒక సైగ లాంటిదట. కొంచెం పెరిగి, రసం వదలమని చెప్పి, వెంటనే తగ్గిపోవాలట. తాగుడు వల్ల అది పెరిగి, తగ్గకుండా నిలిచిపోతుందట. అప్పుడు పేగులో పనిచేయాల్సిన రసం క్లోమంలోనే మేలుకుని, క్లోమాన్నే అరిగించేస్తుందట. "ఇక చుక్క ముట్టకూడదని చెప్పండి," అన్నాడు. నాకు బాగా అర్థమైంది. అంగడివాణ్ణి కదా, అమ్మాల్సిన టపాకాయలు గోడౌన్లోనే అంటుకుంటే ఏమవుతుందో తెలుసు.

బయటికి రాగానే ఆయన భార్య ఓబులమ్మ ఎదురొచ్చింది.

"ఏమంటాండాడు శెట్టన్నా, డాక్టరు?"

ఇంకా బేరం తెగని అమ్మవారి విగ్రహం ఒకటి ఆయన కొట్టంలో ఉంది. సీసా లేకుండా ఆ బేరం ఎట్లా తెగుతుంది? అంత నీచంగా ఆలోచించానా, లేక ఆలోచించకుండానే నోరు అలవాటు పని చేసేసిందా?

"కాల్షియం అంటమ్మా. అంటే సున్నమే. లోపల ఎక్కువైందంట. ఆకూవక్కలో సున్నం మానిపీ."

"మరి తాగుడో?"

"దాని ఊసే ఎత్తలేదు."

మంచం మీద మద్దిలేటి అంత నొప్పిలోనూ నవ్వాడు. "వింటివా మే! నువ్వు రాసిచ్చే సున్నమే నన్ను తింటాండేది!"

ఆమె ఇంటికి పోయి సున్నపుకాయ పారేసింది. ఆయన కోలుకుని ఇల్లు చేరాక నేను సీసా పట్టుకుపోయాను. అమ్మవారు నేనన్న ధరకే వచ్చింది. ఆ తర్వాత కూడా పోయాను. నొప్పి మళ్లీ వచ్చింది, తగ్గింది. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన నొప్పిలో ఆయనను నంద్యాల దాకా తేలేకపోయారు, దారిలోనే పోయాడు.

నేను లేని రోజుల్లో తాగలేదా? చెప్పినా మానేవాడా? నా తప్పు ధర తగ్గించుకోవడానికి ఎన్నో మాటలు వెతికాను. ఎదుట కూర్చోవాల్సినవాడు లేని బేరం, ఎన్నేళ్లయినా తెగదు.

ఓబులమ్మ ఇప్పటికీ అంగడికి వస్తుంది. మొన్న మా ఇంట్లో అన్నం తిన్నాక ఆకూవక్కా ఇస్తే ఆకులు కళ్లకద్దుకుని పక్కన పెట్టేసింది.

"నా చేత్తో రాసిచ్చిన సున్నమే కదన్నా, ఆయప్పను తినింది."

"ఊరుకోమ్మా," అన్నాను. ఎప్పుడూ అదే అంటాను.

సున్నం కాదమ్మా. నా సీసా. డాక్టరు చెప్పాడు, నేను దాచాను.

ఇంతే. కాగితం మీదికి వచ్చింది. ఆమె ముందు మాత్రం నోరింకా పెగల్లేదు.