మావయ్యగారి మిల్లీగ్రాములు

మావయ్యగారికి 'కాస్త' అన్న మాట గిట్టదు. 'కొంచెం', 'చిటికెడు', 'అంతో ఇంతో' కూడా అంతే. కోడలికి ఆ ఇంట్లో మొదటి ఉదయమే ఆ సంగతి తెలిసిపోయింది. టీలో కాస్త చక్కెర వెయ్యనా అని అత్తయ్యగారు అడిగితే, ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, కాస్తంటే ఎంతో ముందు తేల్చమన్నారు. ఆవిడ చెంచా చూపించారు. అది ఐదు గ్రాములు, అంటే ఐదు వేల మిల్లీగ్రాములు, ఆ ముక్క చెప్పడానికి నోరు నొప్పా అన్నారాయన. వేలకు వేలు వేసుకుంటే ఒంటికి మంచిది కాదని ఆవిడ చెంచా తిరిగి డబ్బాలో పడేశారు. ఆ పూట మావయ్యగారు చప్పటి టీ తాగారు.

ఆయన బళ్ళో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా జబ్బు వదల్లేదు కాబోలని కోడలు సరిపెట్టుకుంది. వీధి వీధంతా ఆయన్ని మిల్లీ మాస్టారనే పిలిచేది. క్షవరానికి కూర్చుంటే జుట్టు పన్నెండు మిల్లీమీటర్లు ఉంచమనేవారు. కొట్టాయన ఉల్లిపాయలు రెండు కిలోలా అంటే, కిలో అంటే వెయ్యి, రెండు వేల ఏమిటి, గ్రాములా మీటర్లా అని నిలదీసేవారు. వెనక నిలబడ్డవాళ్ళు సంచులు కింద పెట్టేసి నిట్టూర్చేవారు. పెళ్ళాంతో పోట్లాటలోనూ అదే ధోరణి. తన తప్పు మైక్రో, ఆవిడ కోపం మెగా, రెంటికీ మధ్య పన్నెండు సున్నాలున్నాయి, ఇది న్యాయమేనా అనేవారు. ఆ సున్నాలన్నీ మీ తెలివికి వేసినవేనని ఆవిడ వంటింట్లోంచే జవాబు చెప్పేవారు.

కోడలికి మాత్రం ఆ మాటలంటేనే భయం. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని ఆమె కోరిక. పెళ్ళికి ముందు ప్రవేశపరీక్ష రాసి సరిగ్గా ఈ మిల్లీ, మైక్రోల దగ్గరే బోల్తా పడింది. ఇంట్లో గడగడా అప్పజెప్పేది, హాల్లో కూర్చోగానే అన్నీ కలగాపులగమైపోయేవి. ఇంకొక్కసారే అవకాశం, ఆ తర్వాత వయసు దాటిపోతుంది. మావయ్యగారు ఎక్కడ తననేదైనా అడుగుతారోనని ఆయన నోరు తెరిస్తే చాలు, చీపురో గిన్నో అందుకుని తప్పుకునేది. విచిత్రం ఏమిటంటే ఆయన లోకంలో అందర్నీ అడిగారు గానీ, ఆమెను ఒక్కనాడూ అడగలేదు.

అత్తయ్యగారు రోజూ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు. చీమ తలకాయంత మాత్రకి ఇంత హంగామా ఎందుకని ఆవిడ విసుగు. అందులో మందు యాభై మైక్రోగ్రాములనీ, పొరపాటున యాభై మిల్లీగ్రాములు మింగితే వెయ్యి రెట్లనీ, అప్పుడావిడ గొంతుకి ఇంటికప్పు ఎగిరిపోయి పక్కవీధిలో పడుతుందనీ మావయ్యగారు రోజూ చెప్పేవారు. రోజూ ఆవిడ కోప్పడేవారు. కోడలు గోడవైపు తిరిగి నవ్వు ఆపుకునేది.

కొట్టాయన సంగతి మరీ వింత. ఎన్నిసార్లు చెప్పినా ఆ మనిషి బుర్రకెక్కేది కాదు. ఒకరోజు ఇంగువ తూచుతూ, అర గ్రాము అంటే యాభై మిల్లీగ్రాములే కదా మాస్టారూ అన్నాడు. పాపం మావయ్యగారు ఎన్నాళ్ళని చెబుతారు? కోడలికి ఒళ్ళు మండింది.

"ఐదు వందలండీ," అనేసింది.

కొట్టాయన మొహం చేటంత అయింది. మావయ్యగారు ఏమీ విననట్టు సబ్బుల వైపు చూస్తూ నిలబడ్డారు. ఇంటికొచ్చేదాకా ఆమెకు తనే నోరు తెరిచానన్న సంగతి నమ్మబుద్ధి కాలేదు.

పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. రెండు వందల యాభై మైక్రోగ్రాములు ఎన్ని మిల్లీగ్రాములు? మళ్ళీ అన్నీ కలగాపులగమయ్యాయి. అంతలో ఇంటికప్పు ఎగిరి పక్కవీధిలో పడింది. వెయ్యితో భాగించింది, పావు మిల్లీగ్రామని రాసింది, ఫక్కున నవ్వింది. కాపలా మాస్టారు అనుమానంగా వచ్చి బల్ల కింద వెతికి వెళ్ళారు.

ఫలితాల్లో పేరు కనిపించిన రోజు ఇల్లంతా సందడి. మర్నాడు పొద్దున్న మావయ్యగారు పేపర్లోంచి తలెత్తకుండా, టీలో కాస్త చక్కెర ఎక్కువ వెయ్యమ్మా అన్నారు. కోడలు కంగారుపడి, ఆయనకి ఒంట్లో బాగోలేదేమోనని అత్తయ్యగారి దగ్గరికి పరుగెత్తింది.

అత్తయ్యగారు పడీ పడీ నవ్వారు. బళ్ళో పాఠం చెప్పినన్నాళ్ళూ ఆయన ఇంట్లో ఒక్క మిల్లీగ్రామూ పలికి ఎరగరట. నువ్వు దేంట్లో తప్పావో పెళ్ళికి ముందే మా అబ్బాయి చెప్పాడు, అప్పట్నుంచీ మొదలెట్టారు అన్నారావిడ. తప్పు చెప్పమని కొట్టాయన్ని ముందే మాట్లాడిపెట్టుకున్నారట. ఆవిడకీ అంతా తెలుసట గానీ, కోపాలు మాత్రం నిజమేనట.

కోడలు వెళ్ళి మావయ్యగారి ముందు నిలబడింది. ఆయన దొరికిపోయిన దొంగలా కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నేను పాఠం చెబుతానంటే, మావయ్య ముందు తప్పు చెప్తానేమోనని వణికిపోతావు. పిచ్చి మాస్టారి ముందు ఎవరు వణుకుతారమ్మా?"

ఆమెకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది, నవ్వే గెలిచింది. ఆ మనిషంటే అంత ఇష్టం ఆమెకు ఎప్పుడూ కలగలేదు. ఏం చెప్పాలో తెలియక, మొదటి నెలలోనే సూది గుచ్చి రక్తం తీయడం నేర్పుతారట, తలుచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి మావయ్యా అంది. ఆయన తీపి టీ ఆఖరి చుక్కదాకా తాగారు.

కాలేజీ మొదలైన వారానికి ఆమె సిరంజి సంచితో ఇల్లు చేరేసరికి, మావయ్యగారు చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి కుర్చీలో సిద్ధంగా కూర్చున్నారు. నరం కుడిచేతికే బాగా కనిపిస్తోందనీ, తన తర్వాత కొట్టాయన కూడా వస్తానని మాటిచ్చాడనీ చెప్పారు. మర్నాడు కొట్టాయన సూదికి జడిసి మధ్యాహ్నం దాకా కొట్టు తెరవలేదు.