అమ్మ పోవడానికో ఇల్లు

అందరూ ఉండడానికి ఇల్లు కొనుక్కుంటారు. మేం మా అమ్మ పోవడానికి కొనాలనుకున్నాం. ఇలా రాస్తే రాతిగుండెవాడిలా కనిపిస్తానని తెలుసు. ఇల్లెందుకని ఆ ఏడాదంతా అడిగినవాళ్లకల్లా ఏవో సాకులు చెప్పాను. ఇక్కడైనా ఉన్నదున్నట్టు రాయకపోతే ఎందుకు రాయడం?

అద్దె ఇళ్లలో బతికినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెబుతాను. అద్దెకున్న ఇంట్లో మనిషి పోతే శవాన్ని లోపల ఉంచనివ్వరు. పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు మూడు నెలలో ఆరు నెలలో మూసేయాలంటారు. అన్నాళ్లు తాళం పడితే తర్వాత ఆ వాటాలోకి ఎవరూ అద్దెకి రారు. అందుకని ఓనర్లు ముందే జాగ్రత్తపడతారు. మేకు కొట్టడానికే పర్మిషను అడిగే ఇంట్లో చావడానికి అడగకుండా కుదురుతుందా?

మేం అద్దెకున్న ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక పెద్దాయన ఆస్పత్రిలో పోయాడు. ఆయన కొడుకూ మాలాగే అద్దెకున్నవాడు. అంబులెన్సుని గుమ్మం దాకా రానివ్వలేదు. రోడ్డు మీదే షామియానా వేసి బల్ల మీద పడుకోబెట్టారు. స్కూలు ఆటోలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయాయి. మా అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని శవం లేచేదాకా చూసింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. సాయంత్రం నేను బడి నుంచి రాగానే పిలిచింది.

"ఒరే, నాను పోతే నన్ను ఈదిలో పెట్టకండ్రా," అంది. "కుక్కలు తిరిగే సోట పెట్టకండి. నాకింకేటీ వద్దు."

నేను కె. కోటపాడు దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టార్ని. మా నాన్న ఊళ్లో కట్టిన ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. ఆ తర్వాత అనకాపల్లి వచ్చి ఆరు అద్దె ఇళ్లు మారాం. ఒక ఇల్లు కొనమని మా ఆవిడ ఏళ్ల తరబడి పోరింది. వచ్చే ఏడు చూద్దాం, వచ్చే ఏడు చూద్దాం అంటూ నెట్టుకొచ్చాను. అమ్మ గుండె సగమే పనిచేస్తోందనీ, ఏడాది గడిస్తే గొప్పేననీ డాక్టరు చెప్పాక గానీ నాకు బుద్ధి రాలేదు. ఈ కథలో ఎవరెవరినో తిట్టబోతున్నాను కాబట్టి ముందు నన్ను నేను తిట్టుకోవడం న్యాయం.

ఇల్లు పదిహేను రోజుల్లోనే దొరికింది. బెల్లం మార్కెట్టుకి వెళ్లే రోడ్డుకి కాస్త లోపలగా, ముందు వసారా, హాలు, రెండు గదులు. అమ్మని ఆటోలో తీసుకెళ్లి చూపించాం. ఆవిడ వంటిల్లు చూడలేదు, నుయ్యి చూడలేదు. హాల్లో గోడ పట్టుకుని నిలబడి, "దచ్చినం ఏ పక్క?" అని అడిగింది. చూపించాను. అటూ ఇటూ నాలుగడుగులు వేసి, "తల ఇటెడితే కాళ్లు గుమ్మానికి తగలవు. సరిపోద్ది," అంది. మా ఆవిడ వసారాలోకి వెళ్లిపోయి ఏడ్చింది. అమ్మ మాత్రం పెళ్లికి పందిరి కొలిచినంత శ్రద్ధగా కొలుచుకుంది.

ఇల్లు అమ్మే ఆయన కోటవురట్ల రైతు. చెరుకు వేస్తాడు. పిల్లలు పట్నంలో చదువుకోవాలని వాళ్ల నాన్న కట్టించిన ఇల్లది. తండ్రి పోయాడు, చదువులు అయిపోయాయి, అమ్మేద్దామనుకున్నాడు. మంచివాడు. అసలు నా ఏడుపల్లా అదే. ఈ వ్యవహారంలో ఒక్క దుర్మార్గుడైనా తగిలి ఉంటే వాడి మీద దుమ్మెత్తిపోసి తేలికపడేవాణ్ణి.

అగ్రిమెంటు రాసుకున్నాక ప్లీడరు కాగితాలు తిరగేసి, ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉంది కాబట్టి రైతు చెల్లెలు కూడా సంతకం పెట్టాలన్నాడు. ఆమెది పాయకరావుపేట. "అదెంతసేపు మేస్టారూ, పోను సేత్తే వచ్చి పెట్టేసి పోద్ది," అన్నాడు రైతు. ఫోను చేశాడు. ఆమె రాలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. నెల చూసి, ఆగలేక నేనే బస్సెక్కి వెళ్లాను.

"సంతకం పెట్టనని నానెక్కడన్నాను బాబూ?" అంది ఆమె. "నాన్న పోయిన కాడ్నుంచీ మా అన్న నా గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు పోన్లో రమ్మంటే పరిగెట్టుకొచ్చీడానికి నానేటి ఆడి పొలంలో కూలిమనిసినా? ఆడికి సెల్లి సంతకం కావాల గానీ సెల్లి అక్కర్లేదా?"

ఆమె వాటా అడగలేదు. అన్న స్వయంగా వచ్చి, పసుపూ కుంకుమా పెట్టి, పుట్టింటి చీర చేతికిచ్చి పిలవాలి, అంతే. ఇక్కడ ఆయనేమో, "నాకన్నా సిన్నది, దాన్ని నాను బతిమాలీదేటి?" అని బిగుసుకుని కూచున్నాడు. అటు ఆమె తగ్గదు, ఇటు ఈయన కదలడు. ఇంకో రెండు నెలలు గడిచిపోయాయి. చివరికి చీర మేమే కొన్నాం. రంగు మా ఆవిడ ఎంచింది. ఆయన్ని బతిమాలి బస్సెక్కించి నేనే పాయకరావుపేట తీసుకెళ్లాను. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. నాకు కోడికూరతో భోజనం పెట్టారు. ఈ ఏడుపేదో మొదటి వారంలోనే ఏడ్చి ఉండొచ్చు కదా అనుకుంటూ తిన్నాను.

అందరం కలిసి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లిన రోజున అమ్మ పొద్దున్నే తలస్నానం చేసింది. ఆఫీసులో గుమాస్తా కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి చూసి, "ఇది నిషేధిత జాబితాలో ఉందండీ," అన్నాడు. అంటే ప్రభుత్వ భూమి, అమ్మకూడదు, కొనకూడదు. వాగు పోరంబోకట. ఆ వాగు మేం కొనే ఇంటికి ఎక్కడో దూరంగా పారుతోంది. అదీ ఇదీ ఒకే సర్వే నంబరులో రెండు ముక్కలు. వాగున్న ముక్కని జాబితాలో ఎక్కించమంటే ఎవరో మహానుభావుడు నంబరు మొత్తాన్ని ఎక్కించాడు. వాడెవడో నాకిప్పటికీ తెలీదు. వాడికీ తెలిసి ఉండదు.

ఎక్కించడానికి ఒక మనిషి, ఒక నిమిషం. తీయించడానికి తహసీల్దారు, సర్వేయరు, ఆర్డీవో, కలెక్టరాఫీసు. ఇరవై ఏళ్లుగా పిల్లలకి జిల్లా పరిపాలన పాఠం చెప్పినవాణ్ణి. ఎవరి కింద ఎవరుంటారో బోర్డు మీద బాణాలు గీసి చూపించేవాణ్ణి. ఆ బాణాలన్నీ పైనుంచి కిందకి చకచకా వస్తాయి. కింద నుంచి పైకి ఒక కాగితం వెళ్లాలంటే ఏమవుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. సర్వేయరు రీసర్వే పనిమీద వేరే మండలంలో ఉన్నాడు. ఆయన వచ్చి కొలిచేసరికి వీఆర్వో బదిలీ అయిపోయాడు. కొత్తాయన మళ్లీ మొదట్నుంచీ చూడాలన్నాడు. ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి సార్ మీటింగు. నా క్యాజువల్ లీవులన్నీ ఆ వరండాల్లోనే కరిగిపోయాయి. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ లంచం అడగలేదు. "అవుద్దండీ మేస్టారూ, అవుద్ది," అని అందరూ ఎంతో మర్యాదగా పంపించేశారు.

అమ్మ రోజూ అడిగేది. "కాయితం అయిందేట్రా?" అని. "ఒక్క సంతకం మిగిలిందమ్మా," అనేవాణ్ణి. అమ్మ తలూపేది. పది నెలలు ఆ ఒక్క సంతకమే మిగిలింది. నమ్మిందో, నా మొహం చూసి నమ్మినట్టు నటించిందో తెలీదు. కాళ్లు పొంగాయి. రెండు దిండ్ల మీద ఒరిగితే గానీ ఊపిరి ఆడేది కాదు. అయినా ఆ ఇంటి కాగితం వచ్చేదాకా ఉండాలని పంతం పట్టినట్టే ఉండేది.

ఇక ఆగలేక కోటవురట్ల వెళ్లాను. చెరుకు నరుకుతున్నారు. రైతు గట్టు మీద కూచుని ఉన్నాడు. రిజిస్ట్రేషన్ ఎలాగూ అవుతుంది, ముందుగా తాళం ఇస్తే దిగిపోతామని అడిగాను. "తాళవే గదా మేస్టారూ, అట్టుకెళ్లండి. ఈలోగా పాలు పొంగించుకుంటారేటి?" అన్నాడు. అప్పటికే జేబులోంచి తాళాల గుత్తి తీశాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. అవునంటే పోయేది. అడగ్గానే తాళాలు తీసిన మనిషి దగ్గర దాపరికం ఎందుకని ఉన్నమాట చెప్పేశాను. అమ్మకి బాగోలేదు, అద్దె ఇంట్లో పోతే వీధిలో పెడతారని ఆవిడ భయం, అందుకే ఈ తొందర అని. మాస్టారు అబద్ధం ఆడకూడదు కదా! నా నిజాయితీ తగలెయ్య.

ఆయన చెయ్యి అలా గాల్లోనే ఆగిపోయింది. గుత్తి మెల్లగా మళ్లీ జేబులోకి వెళ్లింది.

"తప్పుగా అనుకోకండి మేస్టారూ," అన్నాడు. "ఇల్లింకా మా అయ్య పేరునే ఉంది. నచ్చత్రం బాగోక మూసేయాల్సొత్తే ఆ కీడు మాకే గదా తగిలీది. పెళ్లి కావలిసిన పిల్లున్నాది ఇంట్లో. కాయితం మీ పేరునయిపోతే మీ ఇల్లు, మీ ఇష్టం. అప్పటిదాకా నాకు ధైర్నం సాలదు."

ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పాను. "పాలు పొంగిస్తామని ఒక్క ముక్క చెప్పలేకపోయారా?" అని అడిగింది మా ఆవిడ. ఆ రోజు నుంచి అమ్మ దగ్గర కూచోవాలంటే నాకు భయం వేసేది.

మరో మూడు వారాలకి, ఒక మంగళవారం పొద్దున అమ్మ ఊపిరి మారింది. ఓనరు మేడ మీద ఉంటాడు. దగ్గు మందు లేకపోతే తన ఇంట్లోది తెచ్చిచ్చే మనిషి. మెట్లు దిగి వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, "ఆస్పత్రికి తీసుకెళ్లిపోండి మేస్టారూ," అన్నాడు. ఆస్పత్రిలో చేసేదేమీ లేదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అమ్మకి అందరికన్నా బాగా తెలుసు. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని, "ఆ ఇంటికేనేట్రా?" అంది.

"అవునమ్మా," అన్నాను. అబద్ధమాడడం నాకు చేతకాక కాదు. ఆడాల్సిన చోట ఆడలేదు, అంతే.

ఆస్పత్రికి చేరిన గంటకి పోయింది. శవాన్ని లోపల పెట్టనివ్వనని ఓనరు ముందే చెప్పాడు, మాట తప్పే మనిషి కాదు. అమ్మని వీధిలోనే పెట్టాం. షామియానా ఆయనే తెప్పించాడు, కుర్చీలు వేయించాడు, తన కుళాయి నుంచే పైపు లాగి స్నానానికి నీళ్లిచ్చాడు, అందరికన్నా పెద్ద దండ వేసి కళ్లొత్తుకున్నాడు. అమ్మకి స్నానం చేయిస్తుంటే నలుగురాడవాళ్లు చుట్టూ చీరలు పట్టుకుని నిలబడ్డారు. గాలికి చీర ఎగిరినప్పుడల్లా అటు పోయే మోటార్ సైకిళ్లవాళ్లు తలతిప్పి చూశారు. ఓ కుక్క బల్ల కిందకి దూరింది. నేను రాయి తీసుకుని విసిరాను. అది నాలుగడుగులు పోయి మళ్లీ వచ్చింది. మళ్లీ విసిరాను. సాయంత్రం దాకా కొడుకుగా నేను చేసిన పని అదొక్కటే.

పన్నెండో రోజు భోజనాలయ్యాక, విస్తళ్లు తీస్తుండగా రైతు ఫోను చేశాడు. జాబితాలోంచి నంబరు తీసేశారట. ఆ మాట చెప్పి అటు ఆయన ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. మా ఆవిడ ఆ ఇల్లొద్దంది. తర్వాత, అద్దె ఇంట్లో కిటికీ దగ్గర ఖాళీ కుర్చీ చూస్తూ తనే, "కొనేద్దాం. రేపు మనకైనా కావాలి," అంది.

వారం తిరక్కుండా రిజిస్ట్రేషన్ అయింది. రైతు, ఆయన చెల్లెలు, నేను. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. నన్ను కెమెరా ముందు కూచోబెట్టారు. ఆ గుమాస్తాయే. కర్మకి తీయించిన నా జుట్టు ఇంకా రాలేదు, తల నున్నగా ఉంది. ఆయన తెర మీద నా బొమ్మ సరిచేస్తూ సంతోషంగా నవ్వాడు.

"మీ పని అవదేమో అనుకున్నానండీ మేస్టారూ. మొక్కుకున్నారన్నమాట! కొండకెప్పుడెళ్లొచ్చారు?"

రైతు చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక వరసలో ఇంకా చాలామంది వాళ్ల వంతు కోసం చూస్తున్నారు.

"కిందటి వారమండీ," అన్నాను.

"మరి ప్రసాదమేదండీ?" అంటూ ఆయన నా బొటనవేలు పట్టుకుని యంత్రం మీద నొక్కాడు.