బూరలు ఆగిన ఎనిమిది సెకన్లు

బ్యాండు మావయ్య పోయారని ఫోను వచ్చినప్పుడు నేను గుడివాడ స్టూడియోలో కూర్చుని ఒక పెళ్ళికూతురి నడక మీద సినిమా పాట అతికిస్తున్నాను. ఫోను చేసింది వాళ్ళ బ్యాండులో క్లారినెట్టు వాయించే ఆయన. "పొద్దున టిఫిను తిన్నాడమ్మా. కాసేపు పడుకుంటానన్నాడు. అంతే," అన్నారు. సరేనండీ అన్నాను. ఫోను పెట్టేసి ఆ పాట అతికించడం పూర్తి చేశాను. ఏడుపు సాయంత్రం దాకా రాలేదు. వచ్చినప్పుడు కూడా, పామర్రు బస్సులో సీటు దొరకలేదన్న విసుగుతో కలిసిపోయి వచ్చింది.

ఆయన నాకు ఏమీ కారు. మా వైపు కాస్త వయసు మళ్ళిన ప్రతి మగాడూ మావయ్యే కాబట్టి ఈయనా మావయ్యే. ఉండేది పామర్రులో. పెళ్ళి బ్యాండులో సైడు డ్రమ్ము ఆయనది. మెడకి పట్టీ తగిలించుకుని, తొడకి ఆనించుకుని, నడుస్తూ వాయించే చిన్న డ్రమ్ము. ఇది చదివేవాళ్ళలో బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు పెళ్ళి చేసుకున్నవాళ్ళుంటే ఆయన మీ ముందు నడిచే ఉంటారు. మీ పెళ్ళి వీడియో తీసి చూడండి. ఎర్ర కోటు, భుజాల మీద ఊడొస్తున్న జరీ. కనిపిస్తారు. వినిపించరు. బ్యాండు చప్పుడు తీసేసి దాని మీద సినిమా పాట వేసే పని మాది మరి.

స్టూడియోలో అది నా ఉద్యోగం. ఇంట్లో నా పిచ్చి వేరు. డ్రమ్ అండ్ బేస్ అని ఒక సంగీతం ఉంది. మా అమ్మ దాన్ని "మిక్సీ" అంటుంది. పాత రికార్డుల్లో ఒక్కోచోట పాటా, మిగతా వాయిద్యాలూ ఆగిపోయి డ్రమ్మరు ఒక్కడే కొన్ని సెకన్లు వాయిస్తాడు. దాన్ని బ్రేక్ అంటారు. ఆ కాస్తా కోసుకుని, ముక్కలు చేసి, వరస మార్చి, వేగం పెంచి, కింద గుండెల్లో తగిలేలా బేస్ వేస్తే నా పిచ్చి తయారవుతుంది. ఇంటర్నెట్టులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. కాకపోతే నాకు దొరికిన బ్రేకులన్నీ ప్రపంచమంతా వాడి అరగదీసినవే.

అలా ఉండగా ఒక అవనిగడ్డ పెళ్ళి ఎడిటింగుకి వచ్చింది. ఊరేగింపు పిల్లకాలవ మీది చిన్న వంతెన ఎక్కుతోంది. ఉన్నట్టుండి బూరలన్నీ ఆగిపోయాయి. సైడు డ్రమ్ము ఒక్కటే మోగింది, ఎనిమిది సెకన్లు. ఒళ్ళు ఝల్లుమంది. మర్నాడే పామర్రు వెళ్ళి ఆయన్ని పట్టుకుని, ఆ ఎనిమిది సెకన్లు వాడుకుంటానండీ అని అడిగాను.

"వాడుకునేదేముందమ్మాయ్ అందులో? వంతెన ఎక్కుతా ఊదితే బూరలోళ్ళు చచ్చూరుకుంటారు. వాళ్ళు ఊపిరి పీల్చుకునేదాకా పెళ్ళి ఆగకుండా నేను లాక్కెళ్ళాలి. అంతే," అన్నారు.

ఫోనులో ఒక పాత బ్రేక్ వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నారు. "వీడూ ఎవరికో ఊపిరిస్తన్నాడు," అన్నారు. అప్పుడు నేను చేసిన పాట పెట్టాను, పూర్తి వేగంతో. చివరిదాకా మర్యాదగా విని, "బానే ఉంది గానీ, ఎవరు తరుముతున్నారమ్మాయ్ నిన్ను?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా మళ్ళీ వెళ్ళాను.

ఆయన పద్ధతులు కొన్ని చెప్పాలి. డ్రమ్ముని ఉత్త నేల మీద పెట్టేవారు కాదు, కింద మడిచిన తువ్వాలు ఉండాల్సిందే. బస్సులో ముందు సీటు రాడ్డు మీద వేళ్ళతో వాయిస్తుంటే పక్కవాళ్ళు విసుక్కునేవారు. ఊరేగింపు దారిలో చావు జరిగిన ఇల్లుంటే కర్రలు చంకలో పెట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ మౌనంగా దాటేవారు. "దాటాక మళ్ళీ మొదట్నించి ఎత్తుకోకూడదమ్మాయ్. ఈపాటికి ఎక్కడుండాలో అక్కడ అందుకోవాలి. ఆపింది చేతినే, లెక్కని ఆపలేదుగా," అనేవారు. నా పాటల్లో ఇప్పుడు ఎక్కడన్నా నిశ్శబ్దం సరిగ్గా కుదిరిందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఇక నేను చేసిన ఘనకార్యం. ఆ ఎనిమిది సెకన్లనీ దెబ్బకో ముక్కగా కోశాను. కంప్యూటర్లో తాళానికి నిలువు గీతలుంటాయి. ఒక్క బటను నొక్కితే ముక్కలన్నీ ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా ఆ గీతల మీద వరసలో నిలబడతాయి. నిలబెట్టాను. నీటుగా అనిపించింది. మా స్టూడియోలో పెళ్ళివాళ్ళు వీడియో బాగుందనగానే అసలు రికార్డింగు చెరిపేసి, అదే డిస్కులోకి తరవాతి పెళ్ళి ఎక్కిస్తాం. చెరిపింది కూడా నేనే. ముక్కలున్నాయిగా అనుకున్నాను. ముక్కలైతే ఉన్నాయి, వాటి మధ్య దూరాలు పోయాయి. ఆ సంగతి ఏడాది దాకా నా బుర్రకి తట్టలేదు.

మావయ్యకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చూడ్డానికి వెళ్తే మంచంలోంచి అడిగారు. "అమ్మాయ్, ఆ అవనిగడ్డది పెట్టు. నా చెయ్యెట్టా ఉండేదో ఒకసారి ఇనాలి."

పెట్టాను. విని, "ఎవరిది?" అన్నారు.

"మీదే మావయ్యా."

"దెబ్బలు నాయే. నడక నాది కాదు."

చెప్పక తప్పలేదు. అంతా చెప్పాను. వాళ్ళ బ్యాండువాళ్ళ ఫోన్లన్నీ వెతికాం. ఉన్న నాలుగు వీడియోల్లో డీజే మోతో, భోజనాలకి రమ్మని ఎవరో పిన్నిగారి కేకలో. నలభై ఏళ్ళు ఈ డెల్టా రోడ్లన్నీ వాయించుకుంటూ తిరిగిన మనిషి చెయ్యి ఈ లోకంలో ఎక్కడన్నా మిగిలిందంటే నా దగ్గరున్న ఆ ముక్కల్లోనే. వాటిని నేను పాడుచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన భార్య, అత్తయ్య, గుమ్మంలోంచి "పోనీలే అమ్మా, ఆ కొట్టుడు లేకపోతే చెవులన్నా బాగుపడతాయి," అన్నారు. ఆవిడకి బ్యాండంటే మొదటినుంచీ మంట. ఒక్క ఊరేగింపుకీ వెళ్ళి ఎరగరు. మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు.

మరుసటి ఆదివారం భయం భయంగా వెళ్తే, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ముక్కలున్నాయన్నావుగా, ఆ పెట్టె తీసి కూర్చో," అన్నారు. ఆ పెట్టె నా లాప్‌టాప్.

అప్పట్నించి ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే పని. నేను ఒక్కో ముక్కనీ గీత మీంచి వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిపేదాన్ని. ఆయన ఎడం చేత్తో మంచం పట్టె మీద కొడుతూ ఆ రోడ్డు చెప్పేవారు. "ఇక్కడ వంతెన ఎక్కుతున్నాం. ఒళ్ళు వెనక్కి వాలుద్ది. దెబ్బ కాస్త ఆలస్యంగా పడాల." "ఇక్కడ గుంటుంది, దాటాను. రెండు దెబ్బలూ దగ్గరదగ్గరగా." ఒకసారి తప్పు జరిపితే, "నీ తెలివి తెల్లారినట్టే ఉంది, నన్ను గుంటలో దించావు గదే!" అని కేకలేశారు. కూర్చుని వాయించేవాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, ఆయన తాళమంతా కాళ్ళలోనే ఉంది. వంద వీడియోలు చూసినా నాకీ ముక్క ఎవరూ చెప్పలేదు. కొన్ని ఆదివారాలు ఒక్క దెబ్బ కుదిరితే గొప్ప. కుదిరినప్పుడు మంచం పట్టె మీద ఆయన చెయ్యి ఆగిపోయేది.

ఎక్కడం అయింది, వంతెన మీద నడక అయింది. ఆరు సెకన్లు. దిగేది మిగిలింది. "వచ్చే వారం చూద్దాంలే," అన్నారు. ఆ వారంలోనే పోయారు.

సమాధుల దొడ్డికి బ్యాండువాళ్ళంతా వచ్చారు, వాయిద్యాలు లేకుండా. అత్తయ్య వద్దన్నారట. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. పాస్టరుగారి ప్రార్థన క్లుప్తంగానే ముగిసింది.

తరవాతి ఆదివారం కాళ్ళు అలవాటుగా అటే వెళ్ళాయి. అత్తయ్య పెరట్లో పంపు దగ్గర గిన్నెలు తోముకుంటున్నారు. "కూర్చోమ్మా," అన్నారు, అంతే. వెనక వసారాలో కూర్చుని ఆ చివరి రెండు సెకన్లూ నా అంతట నేను జరపడం మొదలుపెట్టాను. ఒకలా పెట్టాను. ఇంకోలా పెట్టాను. మూడోసారి మోగిస్తే బాగానే ఉందనిపించింది. నిజం చెప్పాలంటే, ఇక అయిపోతే చాలనిపించింది. ఫైలుకి పేరు రాసి దాచబోయాను.

"అది ఆయన కాదు," అన్నారు అత్తయ్య, తలెత్తకుండానే.

"ఏంటండీ?"

"ఆయన అట్టా దడదడా దిగరు. కుడికాలేసి, ఆగి, అప్పుడు ఎడమది."

"మీరెప్పుడూ ఊరేగింపులకి వెళ్ళలేదుగా అత్తయ్యా?"

"వెళ్ళకపోతే? నలభై ఏళ్ళు ఆయన వెనకాల నడిచాను. చర్చికి, సంతకి, ఆస్పత్రికి. ముందు ఆయన, నాలుగడుగులు వెనక నేను. ఇంకేం చూస్తాను, ఆ కాళ్ళు తప్ప?"

వసారాకీ పెరటికీ మధ్య రెండు మెట్లున్నాయి. అత్తయ్య లేచి, సబ్బు చేతులు చీరకి అంటకుండా దూరంగా పట్టుకుని, ఆ మెట్లెక్కి వచ్చారు. వెనక్కి తిరిగి నిలబడ్డారు. వీపు కాస్త వెనక్కి వాల్చారు. కుడికాలు దింపారు. ఆగారు. అప్పుడు ఎడమది. నేను దెబ్బని అక్కడికి జరిపి మోగించాను. ఆవిడ నేను అడగకుండానే మళ్ళీ మెట్లెక్కి, మళ్ళీ దిగడం మొదలుపెట్టారు.